త్రాంబెక్టమీ తర్వాత గజ్జలో కమిలిన మచ్చ, కొట్టుకుంటున్న గడ్డ: వృద్ధురాలైన అమ్మ విషయంలో ఎంతవరకు ఆందోళన పడాలి?

పెద్దకొడుకు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అమ్మ వయసు 81 సంవత్సరాలు. ఈ నెల మొదట్లో ఒక ఉదయం ఉన్నట్టుండి మాట పడిపోయి, కుడి చెయ్యి, కుడి కాలు కదలకుండా పోవడంతో వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. మెదడులో ఎడమవైపు పెద్ద ధమనికి రక్తం గడ్డ అడ్డుపడిందని చెప్పి, ముందు గడ్డ కరిగించే ఇంజెక్షను ఇచ్చారు. ఆ వెంటనే కుడి గజ్జలోని ధమని గుండా గొట్టం పంపి గడ్డను బయటికి లాగేశారు, దీన్నే త్రాంబెక్టమీ అన్నారు. ఈసీజీ తీసినప్పుడు గుండె లయ తప్పుతోందని, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉందని, అప్పుడే మొదటిసారి తెలిసింది. చికిత్స ఫలితం మేము ఊహించిన దానికంటే బాగుంది. కాలు కొంత కదులుతోంది, చెయ్యి ఇంకా బలహీనంగానే ఉంది, మనం చెప్పేది చాలావరకు అర్థం చేసుకుంటోంది కానీ తాను చెప్పదలచుకున్న మాట మాత్రం నోటికి రావడం లేదు.

ఇప్పుడు ఇంట్లో ఉంది. నా ఆందోళన అంతా ఆ గజ్జ గురించే. మొదట సూది గుచ్చిన చోట అరచెయ్యంత మేర నల్లగా కమిలింది. తర్వాత ఆ రంగు తొడ లోపలివైపుగా కిందికి దిగుతూ మోకాలి దగ్గరిదాకా వచ్చింది, పైభాగం పసుపుపచ్చగా మారుతోంది. ఇది మామూలేనని డిశ్చార్జి రోజున చెప్పారు. కానీ నిన్న స్నానం చేయిస్తున్నప్పుడు మా ఆవిడ చేతికి గుచ్చిన చోట బొటనవేలి చివరంత గడ్డ తగిలింది. దానిమీద వేళ్లు పెడితే నాడిలాగా కొట్టుకుంటోంది. ఫిజియోథెరపిస్టు కాలు మడిచినప్పుడల్లా అమ్మ మొహం చిట్లిస్తోంది. నొప్పి ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపుతుంది, నొప్పి లేదా అంటే మళ్లీ అడ్డంగానే ఊపుతుంది.

డిశ్చార్జి కాగితంలో మెదడు గురించి రెండు పేజీలు ఉన్నాయి, గజ్జ గురించి మాత్రం సంతృప్తికరంగా ఉందన్న ఒక్క మాట ఉంది. వచ్చే సోమవారం నుంచి రక్తం పలచబడే మందు మొదలుపెట్టమన్నారు. ఈ గడ్డ ఉండగా ఆ మందు వేయవచ్చా? వేయకపోతే మళ్లీ స్ట్రోక్ వస్తుందేమోనని భయం, వేస్తే ఇక్కడ రక్తం కారుతుందేమోనని భయం. రివ్యూ తేదీ ఇంకా దూరంగా ఉంది. అంతవరకు ఆగవచ్చా అన్నది కూడా తెలియడం లేదు.

నాడీ ఇంటర్వెన్షన్ వైద్యుడు

ముందుగా మీరు చేయవలసినది చెబుతాను, కారణాలు తర్వాత. రివ్యూ తేదీ వరకు ఆగకండి. ఈరోజే, కుదరకపోతే రేపు ఉదయమే, గజ్జకు డాప్లర్ స్కాన్ (రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్) చేయించండి. కొట్టుకుంటున్న గడ్డ అంటే, కాదని స్కాన్‌లో తేలేవరకు దానిని సూడో అన్యూరిజంగానే భావించాలి. ధమనికి పడిన రంధ్రం పూర్తిగా మూసుకోకుండా, దాని గుండా రక్తం బయటికి వచ్చి చుట్టూ ఉన్న కణజాలంలో ఒక సంచీలాగా నిలిచి, గుండె కొట్టుకున్నప్పుడల్లా లోపలికీ బయటికీ తిరుగుతూ ఉండటమే ఆ జబ్బు. చేతితో చూసి మామూలు రక్తపు గడ్డను, దీనిని కచ్చితంగా వేరుచేయడం అనుభవం ఉన్నవారికి కూడా కష్టమే. డాప్లర్‌లో అయితే నిమిషాల్లో తేలిపోతుంది. ఈలోగా గడ్డను నొక్కడం, రుద్దడం, కాపడం పెట్టడం చేయవద్దు. గడ్డ ఉన్నట్టుండి పెరిగినా, పైచర్మం బిగుసుకుని మెరుస్తున్నా, పాదం చల్లబడి పాలిపోయినా, ఆమెకు చెమటలు పట్టి బీపీ పడిపోయినా స్కాన్ అపాయింట్‌మెంటు కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

కమిలిన రంగు కిందికి దిగడం గురించి మీకు చెప్పినది నిజమే. చర్మం కింద చేరిన రక్తం బరువుకు కిందికి జారుతుంది, ఒక్కోసారి మోకాలి వెనకదాకా పోతుంది, రంగు మారుతూ కొన్ని వారాల్లో పోతుంది. చూడటానికి భయంకరంగా ఉండే ఈ మచ్చ చాలాసార్లు ప్రమాదం లేనిది. పైకి ఏమీ కనిపించని రక్తస్రావమే అసలు ప్రమాదం. రంగు ఎంత దూరం పాకిందన్నది కాక, గుచ్చిన చోట గట్టిదనం ఉందా, పెరుగుతోందా, కొట్టుకుంటోందా, చెవి పెడితే శబ్దం వస్తోందా అన్నవి చూడాలి.

ఇక మీ అమ్మగారిలాంటి వారికి ఈ ఇబ్బంది ఎందుకు ఎక్కువ అన్నది. మెదడులోని గడ్డను లాగేందుకు మేము వాడే షీత్ (గొట్టాలను లోపలికి పోనిచ్చేందుకు ధమనిలో పెట్టే తొడుగు) సాధారణంగా 8 ఫ్రెంచ్ సైజులో ఉంటుంది. మూడు ఫ్రెంచ్‌లు కలిస్తే ఒక మిల్లీమీటరు, కాబట్టి దాని లోపలి వ్యాసమే 2.7 మి.మీ. దాకా ఉంటుంది, ధమనికి పడే రంధ్రం అంతకంటే పెద్దది. గుండె ఆంజియోగ్రామ్‌కు వాడే 5 లేదా 6 ఫ్రెంచ్‌తో దీనిని పోల్చి చూడండి. పైగా గడ్డ కరిగించే ఇంజెక్షను అప్పటికే ఒంట్లో ఉంటుంది. ఆల్టిప్లేజ్ అయితే కిలో బరువుకు 0.9 మి.గ్రా. చొప్పున, 90 మి.గ్రా.కు మించకుండా, ఒక గంట వ్యవధిలో ఎక్కిస్తారు. రక్తంలో దాని మోతాదు త్వరగానే తగ్గిపోయినా, గడ్డ కట్టే పదార్థాలలో అది తెచ్చే లోటు మరికొన్ని గంటలు నిలిచి ఉంటుంది. వయసు మీద పడిన ధమని గోడల్లో సున్నం పేరుకుని ఉంటుంది, అలాంటి గోడ రంధ్రం చుట్టూ తేలికగా ముడుచుకోదు. చర్మం కింద కొవ్వు పలచబడి ఉంటుంది. స్త్రీలలో ధమని సన్నగా ఉంటుంది. బీపీ ఎక్కువగా ఉంటుంది. ఇవన్నీ ఒకే మనిషిలో కలిశాయి.

గుచ్చే చోటు కూడా ముఖ్యమే. తొడ ధమనిని తొడ ఎముక తల మీదుగా వెళ్లే భాగంలోనే గుచ్చాలన్నది నియమం. అక్కడైతే గొట్టం తీశాక ధమనిని వెనకనున్న ఎముకకేసి అదిమి రక్తం ఆపవచ్చు. అంతకంటే కిందికి, ధమని రెండుగా చీలిన తర్వాత గుచ్చితే వెనక ఎముక ఆసరా ఉండదు. పరుపు మీద కాగితం పెట్టి రాసినట్టు ఎంత అదిమినా పట్టు దొరకదు. సూడో అన్యూరిజం, ధమనికీ సిరకూ మధ్య దారి పడే ఏవీ ఫిస్టులా ఎక్కువగా అక్కడే వస్తాయి. అంతకంటే పైకి గుచ్చితే రక్తం పొట్ట వెనక భాగంలోకి పోతుంది, దానినే రెట్రోపెరిటోనియల్ రక్తస్రావం అంటారు. ఆ ఖాళీలో లీటరుకు పైగా రక్తం చేరినా గజ్జ మీద కట్టు పొడిగానే ఉండవచ్చు.

ఇక్కడ ఒక విషయం నొక్కి చెప్పాలి. సాధారణ రోగి అయితే నడుము నొప్పిగా ఉందని, గజ్జలో పోటుగా ఉందని చెబుతాడు. మెదడు ఎడమవైపు దెబ్బతిన్న రోగికి మాట ఉండదు, కుడివైపు స్పర్శ కూడా తగ్గి ఉంటుంది. మేము గుచ్చేది ఎక్కువగా కుడి గజ్జలోనే. అంటే ఏ వైపు నొప్పి పుట్టవచ్చో ఆ వైపే ఆమెకు నొప్పి తెలియదు, తెలిసినా చెప్పలేదు. లోపల రక్తస్రావమై బీపీ పడిపోతే, అప్పుడప్పుడే కోలుకుంటున్న మెదడు భాగానికి రక్తం అందక బలహీనత మళ్లీ పెరుగుతుంది. వార్డులో అందరూ రెండో స్ట్రోక్ అనుకుని తల స్కాన్‌కు పరుగెత్తిస్తారు. తల స్కాన్‌లో కొత్తగా ఏమీ ఉండదు. అలాంటప్పుడు తప్పనిసరిగా పొట్టకూ సీటీ తీయాలి. నాడి వేగం పెరగలేదు కదా అని కూడా ఊరుకోకూడదు. గుండె లయ కోసం బీటా బ్లాకర్ మందు వాడుతున్న వృద్ధుల్లో రక్తం పోతున్నా నాడి నెమ్మదిగానే ఉండవచ్చు. హిమోగ్లోబిన్ కూడా మొదటి గంటల్లో తగ్గినట్టు కనిపించకపోవచ్చు.

మీ అమ్మగారికి ఆ దశ దాటిపోయింది. ఇప్పుడు మిగిలింది ఈ గడ్డ సంగతి తేల్చుకోవడమే. సోమవారం మందు విషయం స్కాన్ ఫలితం వచ్చాక, మీ న్యూరాలజిస్టుతో మాట్లాడి నిర్ణయించుకోండి. భయపడి మీ అంతట మీరు మానేయవద్దు.

స్ట్రోక్ వార్డు నర్సు

డాక్టరు గారు చెప్పిన దానికి కొనసాగింపుగా, మంచం పక్కన ఏం చూస్తామో రాస్తాను. చికిత్స జరగబోయే రోగుల కుటుంబాలకు కూడా ఇది పనికివస్తుంది.

గడ్డ కరిగించే ఇంజెక్షను ఇచ్చిన రోగికి మొదటి రెండు గంటలు 15 నిమిషాలకోసారి, తర్వాత ఆరు గంటలు అరగంటకోసారి, ఆపైన 24 గంటలు నిండేదాకా గంటకోసారి బీపీ చూస్తాం. గజ్జను, పాదాన్ని కూడా అదే వేళల్లో చూడటం మా పద్ధతి. దీనికి వేరే సమయం పెట్టుకుంటే హడావిడిలో అది తప్పిపోతుంది. చూడటమంటే దుప్పటి ఎత్తి, డైపర్ తీసి చూడటం. కట్టు మీద రక్తం లేదని దూరం నుంచి చెప్పడం లెక్కలోకి రాదు. నాలుగు వేళ్లను చదునుగా పెట్టి గజ్జ, దాని పై పొట్ట భాగం, తొడ లోపలివైపు మెత్తగా ఉన్నాయా అని తడమాలి. తర్వాత చేతిని పిరుదు కిందికి, నడుము వెనక్కి పోనివ్వాలి. వెల్లకిలా పడుకున్న మనిషికి రక్తం వెనక్కి జారుతుంది కాబట్టి ముందువైపు అంతా శుభ్రంగా ఉండి కింద పక్క తడిసి ఉండటం మేము చూస్తూనే ఉంటాం. గట్టిదనం ఎక్కడైనా తగిలితే దాని అంచు వెంట పెన్నుతో గీత గీసి, పక్కనే సమయం రాస్తాం. తర్వాతి షిఫ్టులో వచ్చేవారికి పెరిగిందా లేదా అన్న అనుమానం ఉండదు.

పాదం విషయంలో పోలిక ముఖ్యం. పక్షవాతం వచ్చిన కాలు మామూలుగానే కొంచెం చల్లగా ఉంటుంది. అందుకే ఒక్క కాలు చూసి చెప్పలేం. చికిత్సకు ముందే రెండు పాదాల మీద నాడి ఎక్కడ దొరుకుతోందో అక్కడ చుక్క పెట్టుకుంటాం. ముందు దొరికిన నాడి తర్వాత దొరకకపోయినా, వేళ్లు పాలిపోయినా, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడం ఆలస్యమైనా వెంటనే డాక్టరును పిలుస్తాం. ధమనిని మూయడానికి పెట్టిన కొల్లాజెన్ ప్లగ్ లాంటివి అరుదుగా లోపలికి జారి రక్తప్రవాహానికే అడ్డుపడతాయి. నాడి బాగానే ఉండి వేళ్ల చివర్లు మాత్రం నీలిమచ్చలుగా మారితే అది వేరే సంగతి, ధమని గోడల్లోని కొలెస్టరాల్ నలుసులు కొట్టుకుపోయి చిన్న నాళాల్లో ఇరుక్కున్నాయేమో చూడమని చెబుతాం.

వృద్ధులతో ఇంకో ఇబ్బంది, వారు కాలు కదపకుండా ఉండలేరు. రాత్రిపూట అయోమయంలో లేవబోతారు, మోకాలు మడుస్తారు. వారిని గదమాయించడం వల్ల గానీ కట్టేయడం వల్ల గానీ ప్రయోజనం లేదు, దానితో పెనుగులాట ఇంకా పెరుగుతుంది. ముందు మూత్రం ఆగిపోయిందేమో చూడాలి. మాట రాని మనిషి అలజడికి నిండిన మూత్రాశయం చాలా మామూలు కారణం. దగ్గు వస్తే ఆ క్షణంలో కట్టు మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకోవాలి. మంచం తలవైపు 30 డిగ్రీలకు మించి ఎత్తకుండా చూస్తాం.

మీ అమ్మగారు నొప్పి ఉందా, లేదా అన్న రెండు ప్రశ్నలకూ తల అడ్డంగానే ఊపుతున్నారని రాశారు. మాట దెబ్బతిన్నవారిలో అవును, కాదు తారుమారు కావడం మామూలే, అందుకని ఆ జవాబును నమ్మకండి. మొహాన్ని నమ్మండి. కనుబొమలు ముడవడం, పళ్లు బిగించడం, తాకబోతే మంచి చేతితో మీ చేతిని తోసేయడం, ఇవన్నీ జవాబులే. ఆ చిట్లింపును స్కాన్ చేసే డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇంట్లో ఉన్న రోగికి ఇంకొక్కటి. డైపర్ వాడుతున్నట్టయితే గజ్జ మడత ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. గుచ్చిన చోట ఎర్రబడటం, చీము, జ్వరం కనిపిస్తే దానిని చర్మం ఒరుసుకుపోవడమని వదిలేయకండి. లోపల ప్లగ్ ఉన్నచోట చీము పట్టడం అరుదే కానీ, పడితే ధమని గోడే దెబ్బతింటుంది.

పెద్దకొడుకు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆలస్యం చేయకుండా డాప్లర్ చేయించాం. తొడ ధమని చీలిన చోటికి కాస్త కింద 2.4 సెం.మీ. సూడో అన్యూరిజం ఉందని, దాని మెడ, అంటే ధమనికీ సంచీకీ మధ్య ఉన్న దారి, సన్నగా ఉందని, ఏవీ ఫిస్టులా లేదని, లోతు సిరల్లో గడ్డలు లేవని నివేదికలో రాశారు. రక్తనాళాల సర్జన్‌కు చూపించమన్నారు, అపాయింట్‌మెంటు దొరికింది. ఆపరేషన్ అంటే అమ్మ వయసుకు తట్టుకోగలదా అన్నది ఒక ప్రశ్న. మందు సంగతి ఏమిటన్నది రెండోది. ఇక మా చెల్లెలు అడుగుతున్నది కూడా రాస్తాను: గుండెకు ఇప్పుడు చేతి మణికట్టు నుంచే చేస్తున్నారు కదా, అమ్మకు కూడా అలా చేసి ఉంటే ఈ బాధ తప్పేది కాదా? అక్కడి వైద్యుల మీద మాకు ఫిర్యాదు ఏమీ లేదు, మాట్లాడలేని స్థితి నుంచి అమ్మను ఇక్కడిదాకా తెచ్చింది వారే. తెలుసుకోవాలని మాత్రమే అడుగుతున్నాం.

రక్తనాళాల సర్జన్

మెడ సన్నగా ఉన్న 2.4 సెం.మీ. సూడో అన్యూరిజానికి ఈ రోజుల్లో కత్తి అవసరం చాలా అరుదుగా పడుతుంది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నని సూదిని ఆ సంచీలోకి పోనిచ్చి త్రాంబిన్ అనే మందును కొద్దికొద్దిగా ఇస్తారు. తెర మీద ఎర్రగా, నీలంగా సుడి తిరుగుతూ కనిపించే రక్తం కొన్ని సెకన్లలోనే గడ్డకట్టి ఆ రంగులు మాయమవుతాయి. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా దీనితోనే సరిపోతుంది. మత్తు ఇవ్వనక్కరలేదు, కాబట్టి వయసు అడ్డంకి కాదు. మెడ సన్నగా ఉండటం వల్ల మందు అసలు ధమనిలోకి జారే ప్రమాదం తక్కువ. ఫిస్టులా లేదన్నది కూడా మీకు కలిసివచ్చిన విషయమే. ఫిస్టులా ఉన్నచోట త్రాంబిన్ సిరలోకి పోయే వీలుంది కాబట్టి అప్పుడు ఈ పద్ధతికి వెనుకాడతాం. ఇంజెక్షనుకు ముందూ తర్వాతా పాదం నాడి చూస్తారు, మరునాడు మళ్లీ స్కాన్ చేస్తారు. గతంలో ఏదైనా ఆపరేషన్‌లో త్రాంబిన్ వాడి ఉంటే, ఎలర్జీ వచ్చి ఉంటే ఆ మాట ముందే చెప్పండి.

రెండు సెంటీమీటర్లకు లోపు ఉన్న చిన్నవాటిని కొన్నిసార్లు ఏమీ చేయకుండా స్కాన్‌లతో కనిపెట్టి చూస్తాం, వాటిలో చాలావరకు తమంతట తామే మూసుకుంటాయి. కానీ ఆ నిరీక్షణ రక్తం పలచబడే మందు అవసరం లేని రోగికి పనికివస్తుంది. మీ అమ్మగారికి ఆ మందు తప్పనిసరి. అందుకే పరిమాణంతో పని లేకుండా నేనైతే త్రాంబిన్ ఇచ్చి ముగించాలనే అంటాను. అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తో అదిమి మూసే పాత పద్ధతి కూడా ఉంది. దానికి అరగంటకు పైగా గట్టిగా నొక్కి పట్టుకోవాలి, రోగికి బాగా నొప్పి, రక్తం పలచబడే మందు వాడుతున్నవారిలో విఫలమయ్యే అవకాశమూ ఎక్కువ. నొప్పి చెప్పుకోలేని రోగి మీద దానిని ప్రయోగించడం నాకు ఇష్టం ఉండదు. వేగంగా పెరుగుతున్నా, పైచర్మం చచ్చుబడుతున్నా, చీము పట్టినా, నరాన్ని నొక్కుతున్నా అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడాలి.

ఇక మందు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న రోగికి స్ట్రోక్ తర్వాత ఆ మందును ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ప్రధానంగా మెదడులో దెబ్బతిన్న భాగం ఎంత పెద్దదన్న దానిమీద ఆధారపడుతుంది. 2023లో ప్రచురితమైన ఎలాన్ అధ్యయనంలో చిన్న, మధ్యస్థ స్ట్రోక్‌లకు 48 గంటల్లోపు, పెద్దవాటికి ఆరో, ఏడో రోజున మొదలుపెట్టినా, ఆలస్యంగా మొదలుపెట్టినవారికంటే ఎక్కువ హాని కనబడలేదు. గజ్జలో సూడో అన్యూరిజం ఉండటం దానికి శాశ్వతమైన అడ్డు కాదు, కొద్ది రోజుల వాయిదా మాత్రమే. సంచీ మూసుకుందని మరునాటి స్కాన్‌లో నిర్ధారణ అయితే సాధారణంగా మందు మొదలుపెట్టడానికి మా వైపు నుంచి అభ్యంతరం చెప్పం. తేదీ మాత్రం న్యూరాలజిస్టు, సర్జన్ ఇద్దరూ కలిసి నిర్ణయించాలి. మీరు ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే పరిస్థితి ఉంటే, ఇద్దరిచేతా కాగితం మీద రాయించుకోండి.

మోతాదు గురించి కూడా ఒక మాట, ఇది నా విభాగం కాకపోయినా. గజ్జలో రక్తం కారిందన్న భయంతో సగం మోతాదుతో సరిపెట్టడం చాలామంది చేస్తారు. రక్తం పలచబడే మందుల్లో ఒకటైన ఎపిక్సబాన్ విషయంలో మోతాదు తగ్గించడానికి నియమం ఉంది: వయసు 80 లేదా అంతకుమించి ఉండటం, బరువు 60 కిలోలు లేదా అంతకు తక్కువ ఉండటం, కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.5 మి.గ్రా./డె.లీ. లేదా అంతకుమించి ఉండటం, ఈ మూడింటిలో కనీసం రెండు ఉండాలి. మీ అమ్మగారికి వయసు ఒక్కటే అయితే పూర్తి మోతాదే. బరువు, క్రియాటినిన్ ఎంతో చూసుకుని వెళ్లండి.

నాడీ ఇంటర్వెన్షన్ వైద్యుడు

మీ చెల్లెలి ప్రశ్న న్యాయమైనదే. గుండె విషయంలో మణికట్టు మేలని చెప్పడానికి బలమైన ఆధారం ఉంది. 2011లో వచ్చిన రైవల్ అధ్యయనంలో తొడ దారిన వెళ్లినవారిలో పెద్ద రక్తనాళ సమస్యలు 3.7 శాతం మందికి, మణికట్టు దారిన వెళ్లినవారిలో 1.4 శాతం మందికి వచ్చాయి. కానీ గుండెకు వెళ్లే దారి, మెదడుకు వెళ్లే దారి ఒకటి కావు. మణికట్టు ధమని వ్యాసం చాలామందిలో రెండు, రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. మేము వాడే పెద్ద బెలూన్ గొట్టం అందులో పట్టడమే కష్టం, అందునా సన్నగా ఉన్న వృద్ధ స్త్రీలలో. వయసుతో పాటు బృహద్ధమని చాపం (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని వంపు) సాగి, వంకర్లు పోయి కిందికి దిగుతుంది. కుడి మణికట్టు నుంచి వచ్చిన గొట్టం ఆ చాపంలో దాదాపు వెనక్కి మళ్లి ఎడమ కెరోటిడ్‌లోకి, అంటే మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడ ధమనిలోకి, ఎక్కవలసి ఉంటుంది. మీ అమ్మగారి గడ్డ ఎడమవైపే ఉంది. ఎడమ కెరోటిడ్ కుడి శాఖతో కలిసి పుట్టే నిర్మాణం కొందరిలో ఉంటుంది, వారికి మాత్రం ఈ దారి తేలిక. తలకు ముందే తీసిన సీటీ ఆంజియోగ్రామ్‌లో చాపం ఆకారం కనిపిస్తుంది కాబట్టి ఎవరికి ఏ దారి అన్నది దానిని చూసే నిర్ణయిస్తాం. ఒక్కో నిమిషం ఆలస్యానికీ మెదడు మూల్యం చెల్లిస్తున్నప్పుడు, గజ్జలో గడ్డ రాకూడదని మణికట్టు దగ్గర ప్రయత్నించి విఫలమై మళ్లీ గజ్జకు రావడం తప్పుడు బేరం. మెదడు వెనక భాగపు ధమనుల్లో గడ్డ ఉన్నప్పుడు, తొడ ధమనులు మూసుకుపోయి ఉన్నప్పుడు నేను కూడా మణికట్టు దారినే ఎంచుకుంటాను.

ధమని చీలిన చోటికి కింద సంచీ ఉందని మీ నివేదికలో ఉంది. అంటే సూది కొంచెం కిందికి పడింది. ఇది నిర్లక్ష్యం వల్లే జరిగిందనడానికి లేదు, ఆ చీలిక కొందరిలో చాలా పైనే ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ గుచ్చితే చీలిక ఎక్కడుందో ముందే కనిపిస్తుంది. గుండె రోగుల మీద చేసిన అధ్యయనాలు దీని విషయంలో ఏకీభవించలేదు: 2010 నాటి ఫౌస్ట్‌లో సమస్యలు తగ్గాయి, 2022 నాటి యూనివర్సల్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా ఆల్టిప్లేజ్ పడిన వృద్ధురాలి విషయంలో నేను ప్రోబ్ లేకుండా సూది పట్టుకోను. అలవాటైన చేతికి దానివల్ల అయ్యే ఆలస్యం ఏమంత ఉండదు.

వయసు చూసి అసలు ఈ చికిత్సే వద్దనుకునే కుటుంబాలు ఈ చర్చ చదివి మరింత వెనుకాడకూడదని ఇది కూడా రాస్తున్నాను. 2015లో వెలువడిన అయిదు అధ్యయనాలను కలిపి 2016లో ప్రచురించిన విశ్లేషణలో 80 ఏళ్లు దాటినవారికి కూడా స్పష్టమైన లాభం కనిపించింది. గజ్జ సమస్యల్లో అత్యధికం బాగుచేయగలిగినవి. మూసుకుపోయిన మెదడు ధమనిని అలా వదిలేస్తే జరిగే నష్టం అలాంటిది కాదు.

న్యూరో ఫిజియోథెరపిస్టు

కాలు మడిచినప్పుడు మొహం చిట్లించడం గురించి ఎవరైనా రాస్తారేమోనని చూశాను. త్రాంబిన్ ఇచ్చి, సంచీ మూసుకుందని స్కాన్‌లో తేలేవరకు ఆ కాలికి తుంటి దగ్గర లోతుగా మడిచే వ్యాయామాలు ఆపేయమని మీ థెరపిస్టుకు చెప్పండి. మడమ, చీలమండ కదలికలు, చేతి వ్యాయామాలు, మాట అభ్యాసం ఆపనక్కరలేదు. మొత్తం మంచానికే పరిమితం చేస్తే పక్షవాతం వచ్చిన కాలి సిరల్లో గడ్డలు కట్టే ప్రమాదం వేరే ఉంది.

సర్జన్ గారిని కలిసినప్పుడు మోకాలు కూడా పరీక్షించమని అడగండి. గజ్జలో గానీ పొట్ట వెనక గానీ చేరిన రక్తం తొడ నరాన్ని నొక్కితే మోకాలు చాచే శక్తి పోతుంది, తొడ ముందు భాగం మొద్దుబారుతుంది. ఆ కాలు ఎలాగూ పక్షవాతం వచ్చినదే కదా అని ఇది ఎవరి లెక్కలోకీ రాకుండా పోతుంది. వేరుచేయడానికి ఒక గుర్తు ఉంది. స్ట్రోక్ వచ్చి కొన్నాళ్లయ్యాక, మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు మామూలుకంటే ఎక్కువగా ఎగురుతుంది. తొడ నరం దెబ్బతింటే అసలు కదలదు. చీలమండ బాగా కదుపుతూ మోకాలు మాత్రం నిలపలేకపోతున్నా అనుమానించాలి, ఎందుకంటే స్ట్రోక్ బలహీనతలో సాధారణంగా చీలమండే ఆలస్యంగా కోలుకుంటుంది. మీ థెరపిస్టు మొదటి రోజు రాసుకున్న కండరాల బలం వివరాలు ఉంటే వాటి నకలు తీసుకుని వెళ్లండి, పోల్చి చూడటానికి సర్జన్‌కు అవి ఉపయోగపడతాయి.

పెద్దకొడుకు

త్రాంబిన్ ఇంజెక్షను ఇచ్చారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని పడుకుంది, సూది గుచ్చినప్పుడు ఒక్కసారి బిగించింది, అంతే. మరునాటి స్కాన్‌లో సంచీలో రక్తప్రవాహం లేదని, పాదం నాడి రెండువైపులా సమానంగా ఉందని చెప్పారు. మోకాలు తట్టి చూశారు, కాలు ఎగిరింది. బరువు 64 కిలోలు, క్రియాటినిన్ 1.1 ఉండటంతో ఎపిక్సబాన్ పూర్తి మోతాదే రాశారు. సోమవారానికి బదులు గురువారం నుంచి మొదలుపెట్టమని ఇద్దరు డాక్టర్లూ ఒకే కాగితం మీద సంతకం చేశారు. మరోసారి డాప్లర్ ఎప్పుడు చేయించాలో కూడా అందులోనే రాయించుకున్నాను.